దుబాసీ లేని కబుర్లు



అర్ధరాత్రి దాటాక శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా వెళ్ళేవాళ్ళ వరసల వైపు ఓసారి చూడండి. చదువులకని వెళ్ళే కుర్రకారు మధ్యలో పెద్దవాళ్ళు బాగానే కనిపిస్తారు. కూతురి పురిటికి వెళ్ళే తల్లి, కోడలికి సెలవు అయిపోయిందని పసిబిడ్డను చూసుకోవడానికి బయల్దేరిన అత్తగారు, ఆవిడ వెనకాలే మోకాళ్ళ నొప్పులతో మావగారు. పెట్టె 23 కిలోలు దాటకూడదు కాబట్టి ఇంటి దగ్గరే తూచి, తీసి, మళ్ళీ సర్దిన సామాను. అందులో కందిపొడి ఉంటుంది, గోంగూర పచ్చడి ఉంటుంది, మనవరాలికి పట్టు పరికిణీ ఉంటుంది. బీపీ మాత్రలు ఆరు నెలలకు సరిపడా ఉంటాయి. సందర్శకుల వీసా మీద వెళ్ళినవాళ్ళను సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలే ఉండనిస్తారు మరి.

ఇంత సర్దుకున్న ఈ పెద్దవాళ్ళలో చాలామందికి లోపల ఒక బెంగ ఉంటుంది. పైకి చెప్పరు. "ఆ పిల్లలకు తెలుగు రాదాయె. మన ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇన్ని నెలలు వాళ్ళతో ఏం మాట్లాడతాం?"

ఈ పూట ఆ బెంగ గురించి మాట్లాడుకుందాం.

ఇది నలుగురైదుగురి ఇళ్ళ సంగతి కాదు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య 2017 నాటికే నాలుగు లక్షలు దాటింది. 2010 నుంచి 2017 దాకా ఆ సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి ప్రభుత్వ లెక్కల ఆధారంగా తేల్చారు. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలు మాటలు వచ్చిన కొత్తలో అమ్మతో తెలుగే మాట్లాడతారు. డేకేర్‌కి వెళ్ళడం మొదలయ్యాక అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతారు. రెండో తరగతికి వచ్చేసరికి అమ్మ కూడా ఇంగ్లీషులోనే అడుగుతుంటుంది.

అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు కూడా. బెంగళూరులో ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి లూధియానా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడనుకోండి. వాళ్ళ పాప హిందీలో అలుగుతుంది, ఇంగ్లీషులో ఆడుకుంటుంది. గుంటూరు నాయనమ్మా, లూధియానా నానీ ఒకే సోఫాలో కూర్చుని, ఒకరి మాట ఒకరికి తెలియక, ఇద్దరూ పాప మొహమే చూస్తుంటారు.

ఇలాంటి ఇళ్ళను చూడగా చూడగా నాకు తోచింది ఒక్కటే. ముందు భాష కలిసి, ఆ తరవాత ప్రేమ కలుస్తుందని మనం అనుకుంటాం. అందుకే తాతగారు దిగీ దిగగానే మనవడికి అ ఆలు దిద్దించాలని చూస్తారు. నిజానికి ముందు కలవాల్సినవి చేతులు. ఇద్దరూ కూర్చుని చేసే పని ఒకటి ఉంటే, ఆ పనికి కావలసిన మాటలు దాని వెంటే వస్తాయి. అయితే ఆ పని సాగాలంటే మధ్యలో ఉన్న దుబాసీ కాసేపు పక్కకు తప్పుకోవాలి.

ఎవరా దుబాసీ? ఇంకెవరు, పిల్లవాడి అమ్మో, నాన్నో. ఎంతో మంచి మనసుతోనే చేస్తారు పాపం. కానీ ఏం జరుగుతుందో చూడండి. తాతయ్య మనవడిని దగ్గరికి పిలిచి, "ఏరా, మీ బడి పక్కన చెరువుందా? మా బడి చెరువు గట్టునే ఉండేది. మధ్యాహ్నం లెక్కల క్లాసు ఎగ్గొట్టి ఈతకు పోయేవాళ్ళం" అంటాడు. కొడుకు దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుతాడు: "నీ స్కూలు ఎలా ఉందని అడుగుతున్నారు." పిల్లవాడు "ఫైన్" అంటాడు. "బాగుందట నాన్నా" అని కొడుకు తెలుగులో చెబుతాడు. అయిపోయింది. చెరువు పోయింది, ఈత పోయింది, లెక్కల క్లాసు ఎగ్గొట్టిన తాతగారి కొంటెతనం పోయింది. లెక్కలంటే తనకెంత భయమో తాతకూ అంతే భయమని ఆ పిల్లవాడికి తెలిసే అవకాశమే పోయింది. అటు నుంచీ ఇదే వరస. పిల్లవాడు తన క్లాసులో గొంగళిపురుగును పెంచుతున్నామనీ, అది గూడు కట్టుకుందనీ, రేపో మాపో సీతాకోకచిలుక అవుతుందనీ ఊపిరి తిప్పుకోకుండా చెబుతాడు. "ఏదో పురుగు గురించి చెబుతున్నాడు నాన్నా" అని తండ్రి రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మాట చేరింది, సంగతి మాత్రం దారిలోనే ఉండిపోయింది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. దుబాసీ గదిలో ఉన్నంతసేపు ఇద్దరూ దుబాసీ మొహమే చూస్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పిల్లవాడికి తాత అవసరం పడదు, తాతకు పిల్లవాడి అవసరం పడదు. దుబాసీ కూరగాయలు తేవడానికి వెళ్ళిన ఆ గంటలోనే, చేతి సైగలతో, తలాడించడంతో, చిట్టి పొట్టి మాటలతో అసలు కథ మొదలవుతుంది.

ఈ సంగతిని పరిశోధకులు కూడా పట్టించుకున్నారు. కాలిఫోర్నియాలో లిలీ వాంగ్ ఫిల్‌మోర్ అనే భాషాశాస్త్రవేత్త ఉన్నారు. వలస వచ్చిన దాదాపు వెయ్యి కుటుంబాలను విచారించి 1991లో ఒక పరిశోధన అచ్చువేశారు. పసివాళ్ళు బడి భాషలో పడగానే ఇంటి భాష జారిపోతుందనీ, అప్పుడు పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పాల్సిన బుద్ధులు, కథలు, ఓదార్పులు గొంతులోనే ఆగిపోతాయనీ ఆవిడ రాశారు. అందులో ఒక కొరియన్ కుటుంబం కథ ఉంది. కొరియా నుంచి తాతగారు వచ్చారు. మనవలు ఆయనతో కొరియన్‌లోనే మాట్లాడారు. కాకపోతే పెద్దవాళ్ళతో వాడాల్సిన గౌరవ రూపాలు వాళ్ళకు రావు. మన భాషలో అయితే 'మీరు రండి' అనాల్సిన చోట 'నువ్వు రా' అన్నట్టు. పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. తండ్రికి తలకొట్టేసినట్టయి పిల్లలను దండించాడు. ఆ తరవాత పిల్లలు కొరియన్ మాట్లాడటం తగ్గించేశారు. ఆలోచించండి. వాళ్ళు తాతగారి భాషలో మాట్లాడబోయినందుకే దెబ్బలు తిన్నారు. ఇంగ్లీషులో మాట్లాడి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

మన ఇళ్ళల్లో కర్ర తియ్యకపోవచ్చు. నవ్వుతాం. పిల్ల 'పళ్ళెం' అనలేక 'పల్లెం' అంటే అందరం ఘొల్లుమంటాం. "మళ్ళీ అనవే, అత్తయ్యకు వినిపించు" అని ఫోన్ కూడా పడతాం. మనకది ముద్దు. ఎనిమిదేళ్ళ పిల్లకు అది అవమానం. ఆ పిల్ల ఇంగ్లీషులో తెలివైనది, తరగతిలో చెయ్యెత్తి జవాబులు చెప్పేది. తెలుగులోకి రాగానే అందరూ నవ్వే పసిదైపోతోంది. ఇక నోరెందుకు విప్పుతుంది?

బెల్జియంలో ఆనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు ఇంట్లో ఒకటికి మించి భాషలు వినిపించే సుమారు 1,900 కుటుంబాల వివరాలు సేకరించి 2007లో ప్రకటించారు. దాదాపు నాలుగో వంతు ఇళ్ళల్లో పిల్లలు ఇంటి భాషను అసలు మాట్లాడటమే లేదు. అంటే ఇంట్లో ఒక భాష వినిపించినంత మాత్రాన అది పిల్లల నోటికి ఎక్కదు. ఆ భాషతో వాళ్ళకు ఏదో ఒక అవసరం ఉండాలి. అమ్మానాన్నలకు ఇంగ్లీషు వచ్చని పిల్లలకు తెలుసు, కాబట్టి వాళ్ళతో తెలుగు అవసరం లేదు. తాతయ్యకు ఇంగ్లీషు అంతగా రాదే, ఆయనతో మాత్రం అవసరమే. తాతగారు తన లోటు అనుకుని సిగ్గుపడేది మనవడికి నిజానికి వరం. దాన్ని కప్పిపుచ్చుకోకండి తాతయ్యగారూ.

భాష సంగతి ఇలా ఉంటే, పద్ధతుల సంగతి మరొకటి. నిజం చెప్పాలంటే మాట రాకపోవడం వల్ల కన్నా, మర్యాదలు తేడా రావడం వల్లే మనసులు ఎక్కువ నొచ్చుకుంటాయి.

భోజనాల దగ్గర చూడండి. మన మర్యాద ప్రకారం ఒకసారి 'వద్దు' అంటే వద్దని కాదు. వడ్డించేవాళ్ళు ఇంకోసారి అడగాలి, తినేవాళ్ళు ఇంకోసారి వద్దనాలి, మూడోసారి విస్తట్లో పడాలి. అమెరికాలో పెరిగిన పిల్లకు ఆ ఆట తెలియదు. వద్దంటే వద్దనే. అమ్మమ్మ "ఒక్క ముద్దే, మా బంగారు కదూ" అని నోటి దగ్గర పెడితే, 'నేను చెప్పింది ఈవిడ వినడం లేదు' అని ఆ పిల్లకు అనిపిస్తుంది. పిల్ల మొహం తిప్పుకుంటే, 'నా చేతి ముద్ద దీనికి పనికిరాలేదు' అని అమ్మమ్మకు అనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు.

అలాగే ముద్దులు, కౌగిలింతలు. నీ ఒళ్ళు నీది, ఇష్టం లేకపోతే ఎవరినైనా వద్దనవచ్చు అని అక్కడ పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. పిల్లల భద్రతకు అది మంచి పాఠం. ఆ పాఠం అమ్మమ్మ మీదే మొదట అమలయ్యేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మూసిన తలుపు కూడా అంతే. పన్నెండేళ్ళ మనవడు గది తలుపు వేసుకున్నాడంటే అలిగాడని మన లెక్క. కాస్త ఒంటరిగా ఉంటానని వాడి లెక్క. ఇక మంచినీళ్ళు అందించినందుకు మనవరాలు 'థాంక్యూ అమ్మమ్మా' అంటే, "నేనేమైనా పరాయిదాన్నా, థాంక్యూలెందుకే" అంటుంది ఈవిడ. పిల్ల అయోమయంలో పడుతుంది. మర్యాదగా ఉండమన్నారు, ఉంటే ఇదేమిటి?

ఈ చోట పెద్దవాళ్ళకు ఒక్క విన్నపం. ఒంటి రంగు మీద, లావు మీద మాటలు మానేద్దాం. మన ఊళ్ళో "ఎండలో తిరిగి నల్లబడ్డావే" అనడం పలకరింపు. అక్కడి పిల్లల చెవికి అది దెబ్బ. నిజానికి ఇక్కడి పిల్లలకూ దెబ్బే, కాకపోతే వాళ్ళు పైకి అనరు. మిగతా విషయాల్లో ఇటు సగం, అటు సగం సర్దుకోవచ్చు. కౌగిలింతకు బదులు చేతిలో చెయ్యి వేసుకోవచ్చు. తలుపు తట్టి లోపలికి వెళ్ళవచ్చు. తలుపు తట్టడానికి ఏ భాషా అక్కర్లేదు.

సరే, చేతులు కలవాలన్నాను కదా, అది ఎంత దూరం తీసుకెళ్ళగలదో చెప్పే ఒక నిజమైన కథ చెబుతాను. ఇది న్యూజీలాండ్‌లో జరిగింది.

అక్కడి మూలవాసులు మావోరీలు. వాళ్ళ పిల్లలు బడిలో మావోరీ మాట్లాడితే దెబ్బలు తిన్న రోజులున్నాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్ళు పెద్దయి, మన పిల్లలకు ఈ బాధ వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత పల్లెలు విడిచి పట్నాలకు వలస పోయారు. 1970లలో సర్వే చేస్తే తేలిందేమిటంటే, మావోరీ ధారాళంగా వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది పెద్దవయసు వాళ్ళే. వాళ్ళతోనే భాష పోతుందనిపించింది. అప్పుడు మావోరీ పెద్దలు ఒక ఆలోచన చేశారు. 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయోమాటా అనే చోట మొదటి 'కోహంగా రేఓ' తెరిచారు. అంటే భాషా గూడు అని. పేరుకు అది పసిపిల్లల బడి. నడిపింది మాత్రం తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు.

వాళ్ళేం చేశారు? వాచకం పట్టుకుని పాఠం చెప్పలేదు. పొద్దున పిల్లలు వస్తే పలకరించారు. పాటలు పాడారు. అన్నాలు పెట్టారు, చేతులు కడిగించారు, జోకొట్టి పడుకోబెట్టారు, ఏడిస్తే ఎత్తుకున్నారు. అన్నీ మావోరీలోనే. ఒక ఇంట్లో ముసలివాళ్ళు పసివాళ్ళకు చేసే పనులన్నీ అక్కడ చేశారు. మధ్య తరానికి, అంటే ఆ పిల్లల అమ్మానాన్నలకు, చాలామందికి మావోరీ రాదు. అందువల్ల అక్కడ దుబాసీ ప్రసక్తే లేదు. ముదుసలికీ పసిబిడ్డకూ సూటిగా లంకె పడింది. మూడేళ్ళు తిరిగేసరికి ఇలాంటి గూళ్ళు దేశమంతటా వందల్లో వెలిశాయి. 1987లో మావోరీ అక్కడ అధికార భాష అయింది. చిత్రమేమిటంటే, సాయంత్రం పిల్లలు ఇంటికి తెచ్చిన మాటలు విని, తమ పిల్లలతో మాట్లాడటానికని అమ్మానాన్నలు కూడా మావోరీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. తాత నుంచి మనవడికి, మనవడి నుంచి తండ్రికి.

ఈ కథలో నాకు నచ్చేది ఆ ముసలివాళ్ళ స్థానం. వాళ్ళు అక్కడ చుట్టాలు కారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, 'మీరు రెస్టు తీసుకోండి' అనలేదు ఎవరూ. పిల్లలకు వాళ్ళతో పని ఉంది. మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఇక్కడే. తాతగారిని టీవీ ముందు కూర్చోబెడతాం. ఆయన న్యూజెర్సీలో కూర్చుని రోజంతా విజయవాడ రాజకీయాలు చూస్తుంటాడు. మనవడు పక్క గదిలో టాబ్లెట్‌లో ఆడుకుంటుంటాడు. రాత్రి భోజనాల దగ్గర, "తాతయ్యతో మాట్లాడు" అని తల్లి గదమాయిస్తుంది. ఏం మాట్లాడతాడు?

మరి ఏ పనులు? పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. దోసె తిప్పే పని ఇవ్వండి మనవరాలికి. పక్కన అమ్మమ్మ ఉంటుంది. 'ఆగు, ఇంకా కాలలేదు. ఇప్పుడు తిప్పు. అయ్యో చిరిగింది, పర్లేదు, ఇది నేను తింటా.' ఈ మాటల్లో ఏ ఒక్కదానికీ దుబాసీ అక్కర్లేదు, పెనం మీద దోసె చెబుతుంది అర్థం. క్రియలన్నీ వంటింట్లోనే ఉన్నాయి: నీళ్ళు పొయ్యి, కలుపు, వంచు, తుడువు, రుచి చూడు.

ఆటలున్నాయి. అష్టాచెమ్మా గడులు కాగితం మీద గీసుకోవచ్చు. నాలుగు గవ్వలు చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అంకెలు, దిక్కులు, 'నా వంతు', 'నీ వంతు', 'తొండి' ఒక్క పూటలో వచ్చేస్తాయి. అన్నిటికన్నా ముందు 'తొండి' వస్తుంది. వామనగుంటలు మరీ మంచిది. పద్నాలుగు గుంటల పీట అమ్మమ్మ తెచ్చుకుంటే, మనవడు దాన్ని చూసి "ఇది నాకు తెలుసు" అని ఎగిరి గంతేసే అవకాశం ఉంది. మంకాలా అనే ఆట ఒకటి అమెరికా పిల్లల్లో చాలామంది ఆడతారు. అదీ గుంటల్లో గింజలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోయే ఆటే. రెండూ ఒకే కుటుంబం. అమ్మమ్మ పల్లెలో నేర్చిందీ, మనవడు స్కూల్లో నేర్చిందీ అక్కాచెల్లెళ్ళ లాంటి ఆటలని తెలిసిన క్షణాన, ఇద్దరూ కొద్దిగా నేర్పేవాళ్ళే, కొద్దిగా నేర్చుకునేవాళ్ళే అవుతారు.

ఆ చివరి మాట ముఖ్యం. నేర్పడం ఒకవైపే సాగితే అది ట్యూషన్ అవుతుంది. మనవడి దగ్గర తాత నేర్చుకునేది కూడా ఉండాలి. డిష్‌వాషర్ ఎలా వెయ్యాలి, బస్సు కార్డు ఎక్కడ ఆనించాలి, ఊనో ఆటలో రంగు ఎలా మార్చాలి. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు తానే అనుకునే పిల్లవాడికి, తనకన్నా తెలియనివాడు ఒకడు దొరికాడు, అతను ఓపిగ్గా వింటాడు, తను తప్పు చేస్తే తనే నవ్వుకుంటాడు. అంతకన్నా స్నేహితుడు ఇంకెవరు?

కొరియన్ వలస కుటుంబం మీద తీసిన 'మినారి' సినిమా కొందరు చూసే ఉంటారు. అందులో అమ్మమ్మ వేషం వేసిన యున్ యో జంగ్‌కు 2021లో ఆస్కార్ వచ్చింది. అమెరికాలో పుట్టిన మనవడికి మొదట ఆవిడంటే పడదు. బిస్కెట్లు చెయ్యదు, పేకాట ఆడుతుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది, ఇదేం అమ్మమ్మ అని విసుక్కుంటాడు. ఆవిడ వాణ్ణి కూర్చోబెట్టి నీతులు చెప్పదు. పేకాట నేర్పుతుంది. వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి ఆకుకూర విత్తనాలు చల్లుతుంది. వాళ్ళిద్దరి మధ్య దగ్గరితనం ఆ వాగు దారిలోనే పుడుతుంది.

ఇంకో మాట. తాత తెలుగులో అడగడం, మనవడు ఇంగ్లీషులో చెప్పడం, అలాగే గంటసేపు సాగడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. దాన్ని చూసి బాధపడేవాళ్ళున్నారు. నేనైతే సంతోషిస్తాను. వాడికి తెలుగు అర్థమవుతోంది, ఈయనకు ఇంగ్లీషు అర్థమవుతోంది, ఎవరి నోటికి సుళువైంది వాళ్ళు మాట్లాడుతున్నారు. విన్న భాష లోపల ఉంటుంది. అవసరం వచ్చిన రోజున, ఎవరూ నవ్వరని నమ్మకం కుదిరిన రోజున పైకి వస్తుంది. 'తెలుగులో చెబితేనే ఇస్తా' అని చాక్లెట్ దాచుకుంటే, పిల్లకు తెలుగు మీదా, చాక్లెట్ మీదా, తాత మీదా ఒకేసారి విసుగు పుడుతుంది.

వెళ్ళలేని పెద్దవాళ్ళ సంగతేమిటి? వీసా రాని వాళ్ళు, ఆరోగ్యం సహకరించని వాళ్ళు ఎంతోమంది. వాళ్ళకు మిగిలింది వీడియో కాల్. పద్దెనిమిది నెలల లోపు పసివాళ్ళకు తెరలు వద్దని చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా, 2016 నాటి సూచనల్లో వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. ఎందుకంటే తెర అవతల మనిషి ఉన్నాడు, బిడ్డ నవ్వితే తిరిగి నవ్వుతాడు. చిక్కల్లా వేళల దగ్గర. వేసవిలో న్యూయార్క్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, కాలిఫోర్నియా పన్నెండున్నర గంటలు వెనక. చలికాలంలో ఇంకో గంట కలుస్తుంది. ఇక్కడ పొద్దున్నే కాఫీ తాగుతూ పిలిస్తే అక్కడ సాయంత్రం, పిల్లలు ఆటలకు పరిగెత్తే వేళ. 'తాతయ్యకు హాయ్ చెప్పు' అంటే చెయ్యి ఊపి మాయమైపోతారు.

వాళ్ళను ఆపాలంటే ప్రశ్నలు మానాలి. 'తిన్నావా, చదువుకున్నావా, అల్లరి చేస్తున్నావా' అనే మూడు ప్రశ్నలకూ ఒక్కొక్క ముక్కే జవాబు. అడగడం మాని చూపించండి. పెరట్లో ఈనిన ఆవునూ దూడనూ చూపించండి. కుండీలో మొలిచిన మెంతిమొక్క నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందో చూపించండి. అటువైపు వాళ్ళు కూడా మెంతులు చల్లితే ఇంకా మంచిది. ఎవరి మొక్క ముందు ఎదిగిందో చూసుకోవడానికి రేపు మళ్ళీ వాళ్ళే పిలుస్తారు. సముద్రాలకు ఇటూ అటూ ఉన్నా, కలిసి చేసే పనే అది.

ఇంతసేపూ తెలుగు తాతల బాధ గురించి చెప్పాను. ఇక ఇదే బాధను మన గడ్డ మీద, మన తెలుగు వల్లే పడుతున్న గిరిజన తాతల గురించి కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

సీతంపేట కొండల్లో సవర అవ్వ ఉంది. ఉట్నూరు దగ్గర గోండు తాత ఉన్నాడు. తండాలో లంబాడీ నాయనమ్మ ఉంది. వాళ్ళ మనవలు హాస్టల్‌లో ఉండి తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ చదువుతారు. పండగకి ఇంటికి వస్తే అవ్వ సవరలో అడుగుతుంది, మనవడు తెలుగులో జవాబు చెబుతాడు. డాలస్‌లో తెలుగు ఉన్న చోట ఇక్కడ సవర ఉంది. అక్కడ ఇంగ్లీషు ఉన్న చోట ఇక్కడ మనం ఉన్నాం.

మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు నాడు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని అతని దగ్గర సవర నేర్చుకున్నారని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో పాఠాలు రాశారని, 1931లో సవర వ్యాకరణం, ఆ తరవాత నిఘంటువు అచ్చయ్యాయని తెలిసినవాళ్ళు తక్కువ. తన భాష మీద ప్రేమ ఉన్నవాడికి పక్కవాడి భాష విలువ తెలుస్తుందనడానికి ఆయనే సాక్ష్యం.

ఆ దారిలో కొన్ని అడుగులు పడ్డాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో పాత గోండి రాతప్రతులు దొరికితే, ఆ లిపి చదవగలిగిన కొద్దిమంది ఊరి పెద్దల సాయంతోనే అది మళ్ళీ వెలుగులోకి వచ్చింది. 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ ఊళ్ళో పిల్లలు తమ లిపిని దిద్దుకున్నది పెద్దవాళ్ళ చలవ వల్లే.

కొండ ఊళ్ళల్లో పనిచేసే పంతుళ్ళకు నాదో మనవి. వారానికి ఒక్క పూట ఊళ్ళో అవ్వను బడికి పిలవండి. మీకు సవర వచ్చినా రాకపోయినా, ఆ పూట మీరు దుబాసీ పని చెయ్యొద్దు. విత్తనాలు ఏరడమో, బుట్ట అల్లడమో, అడవిలో ఏ ఆకు తినవచ్చో చెప్పడమో ఆవిడ చేస్తుంది, పిల్లలు చుట్టూ చేరతారు. మా అవ్వ మాటకు బడిలో కూడా చోటుందని తెలిసిన పిల్లవాడు, ఇంటికెళ్ళాక అవ్వకు తెలుగులో జవాబు చెప్పాల్సిన అవసరం లేదని తెలుసుకుంటాడు.

డాలస్‌లో మనవడు తన మాట మరిచిపోతున్నాడని తెలుగు తాత బాధపడితే, ఆ బాధ న్యాయమైనదే. అక్కడి బడి, అక్కడి సమాజం కాస్త చోటిస్తే బాగుండునని ఆయన కోరుకోవడంలో తప్పు లేదు. ఆ కోరిక నోరారా కోరే అర్హత మనకు రావాలంటే, మన బడిలో, మన ఆఫీసులో, మన ఆస్పత్రి వరసలో సవర అవ్వకూ, గోండు తాతకూ అదే చోటు మనం ఇచ్చి ఉండాలి. అది ఇవ్వడానికి ఏ వీసా అక్కర్లేదు, రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు.